పది పూటల చీటీలు, మూడు పిలుపులు

ఆ రోజుల్లో ఆకలి వేయడం తప్పు కాదు, వేసినట్టు ఎదుటివాడికి తెలియడం తప్పు. అందరి ఇళ్ళలో కాదేమో గానీ మా ఇంట్లో మాత్రం అంతే. ఐరాల పక్కన మా పల్లెలో, మా జేజినాయన (తాత) కాలంలో, మధ్యాహ్నం పూట మా పంచలో నలభై విస్తళ్ళు లేచేవట. ("అట" అనే మాట లేకుండా మా ఇంటి వైభవం గురించి ఒక్క వాక్యం కూడా రాయలేను, మన్నించాలి.) అంతమందికి పెట్టే ఇంట్లో, ఇంటి మగవాళ్ళు పిలిచీ పిలవగానే వచ్చి ఆకు ముందు కూర్చోవడం నామోషీ. అందుకని మూడుసార్లు పిలవాలి. మొదటి పిలుపు వంటింట్లో నుంచి వస్తుంది, అది వినపడనట్టు ఉండాలి. రెండోది గడప దగ్గర నుంచి వస్తుంది, దానికి భుజం మీద కండువా సర్దుకోవచ్చు. మూడోసారి ఎవరైనా ఎదురుగా వచ్చి నిలబడి, "లేయప్పా, కూడు సల్లారిపోతాంది" అంటే అప్పుడు, వాళ్ళ మాట తీసెయ్యలేక లేస్తున్నట్టు లేవాలి. ఆకు ముందు కూర్చున్నాక కూడా ఇదే పద్ధతి. వడ్డించేవాళ్ళు రాగానే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అనాలి. చాలు అంటే చాలని కాదు, ఇంకోసారి అడగమని. రెండోసారి అడిగితే "అబ్బే" అనాలి. మూడోసారికి చెయ్యి దానంతట అదే పక్కకు జరుగుతుంది.

జేజినాయన పెట్టిన అన్నమూ, పరుల కోసం పెట్టిన హామీ సంతకాలూ, కోర్టుల్లో వేసిన దావాలూ అన్నీ కలిసి, మా నాయన చేతికి వచ్చేసరికి రెండెకరాల మెట్ట, ఒక వెండి చెంబు, నిటారుగా కూర్చునే అలవాటు మిగిలాయి. నా వంతుకు మెట్ట, చెంబు కూడా పోయి, ఆ అలవాటూ ఆ మూడు పిలుపులూ మాత్రం వచ్చాయి. వాటిని మా నాయన ఏనాడూ తాకట్టు పెట్టలేదు. (పెట్టుకునేవాడు దొరక్క అని గిట్టనివాళ్ళు అనేవారు.) అందుకే వాటిని నేను చాలా జాగ్రత్తగా చూసుకునేవాణ్ణి. ఉన్న ఒక్క ఆస్తినీ ఎవరు మాత్రం నిర్లక్ష్యం చేస్తారు.

డెబ్బయిల చివర్లో నాకు తిరుపతిలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళకు పెళ్ళి అయింది. మా మామగారిది బంగారుపాళ్యం, మామిడికాయల మండీ వ్యాపారం. సీజనులో వాళ్ళింట్లో భోజనానికి ఆకులు వేయడం అనేదే ఉండదు. లోడు దిగుతూ ఉంటుంది, లారీ హారను కొడుతూ ఉంటుంది, ఎవరికి ఆకలైతే వాళ్ళు వంటింట్లోకి పోయి, అన్నం తట్టలో తామే వడ్డించుకుని, నిలబడే తినేసి, చెయ్యి కడుక్కుని మళ్ళీ తక్కెడ దగ్గరికి పోతారు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల మా ఆవిడ. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే, ఇబ్బంది రాకూడదని, మా ఇంటి పద్ధతి ఆమెకు విడమరిచి చెప్పాను. అంతా శ్రద్ధగా విని, "మూడోసారి పిలిస్తే ఏమన్నా ఎక్కువ పెట్టాల్నా?" అని అడిగింది. కాదు, అది మర్యాద అన్నాను. మరునాడు వంటింట్లో నుంచి, "తిందురు రాండి, తిందురు రాండి, తిందురు రాండి" అని ఒక్క గుక్కలో మూడూ పిలిచేసింది. అలా కాదు, మధ్యలో కొంచెం వ్యవధి ఉండాలి అన్నాను. "ఎంత సేపుండాలండీ?" అంది. ఆ ప్రశ్న మా వంశంలో ఇంతవరకు ఎవరూ అడగలేదు. "చారు పొంగు తగ్గేంత" అని ఏదో చెప్పాను. పాపం ఆనాటి నుంచి అలాగే పిలిచేది. కానీ ఆ పిలుపులో ఎక్కడో నాకు నవ్వు వినపడేది. ఆమె కళ్ళకు నేను గుమాస్తాగా కాకుండా పెద్దింటి మనిషిగా కనబడాలని నా తపన అంతా. పొలమూ లేదు, చెంబూ లేదు, ఇక చూపించడానికి మర్యాద ఒక్కటే ఉంది.

ఆ శ్రావణంలో, మామిడి సీజను ముగిసి కాస్త తీరిక దొరికాక, మామగారు తిరుపతి వచ్చారు. "యాడికన్నా పోయి రాండప్పా నాలుగు దినాలు. పెండ్లి అయినాక అలిపిరి నుంచి నడిచి కొండెక్కినారు, సరే, అది మొక్కు. ఇది ఊరికే పోయేది. మదనపల్లి కాడ హార్సిలీ కొండ మీద సల్లంగా ఉంటాదంట" అని జేబులో నుంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టబోయారు. నేను చెయ్యి వెనక్కు తీసుకున్నాను. "మాకుండాదిలే మామా" అన్నాను. "ఉన్నా పెట్టుకో నాయనా, దారి ఖర్చులకి" అన్నారు. "అబ్బే, వద్దు మామా" అన్నాను. ఆయన వ్యాపారస్తుడు. రెండుసార్లు వద్దన్న సరుకు మూడోసారి చూపించే అలవాటు లేదు. "సరే, నీ ఇష్టం" అని కవరు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆ కవరు జేబులోకి వెళ్ళిపోతుంటే నేను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంకొక్కసారి అడిగి ఉంటే తీసుకునేవాణ్ణే.

అలా నా సొంత డబ్బుతో, ఒక శుక్రవారం మధ్యాహ్నానికి పీలేరు, మదనపల్లె మీదుగా కొండ ఎక్కాము. నీలగిరి చెట్ల మధ్య ఒక ప్రైవేటు వసతి గృహం ఉండేది అప్పట్లో. గది అద్దె ముందే కట్టించుకున్నారు. కట్టాక, దళసరి కళ్ళజోడు పెట్టుకున్న మేనేజరు బల్ల సొరుగులో నుంచి రెండు చీటీల పుస్తకాలు తీసి నా ముందు పెట్టాడు. ఒకటి లావుది, ఒకటి సన్నది. ఈ కొండ మీద ఏదీ దొరకదనీ, పాలు, కూరగాయలతో సహా అన్నీ కింద నుంచి జీపులో రావాలనీ, అందుకని భోజనాలకు డబ్బు ముందే కడితే ఆ లెక్కన సరుకు తెప్పిస్తామనీ చెప్పాడు. పెద్ద పుస్తకంలో ఆ రాత్రి భోజనం మొదలుకొని సోమవారం పొద్దుటి టిఫిను దాకా పది పూటలు, మనిషికొక చీటీ చొప్పున. సాయంత్రం బజ్జీలు, కాఫీ కూడా అందులోనే. వెల నలభై అయిదు రూపాయలు. చిన్న పుస్తకంలో రెండు మధ్యాహ్న భోజనాలే, పన్నెండు రూపాయలు. ఏదీ వద్దనుకుంటే విడిగా డబ్బిచ్చి తినవచ్చు, కానీ అప్పుడు ఉన్నదే పెడతారు, వెల కూడా ఎక్కువ. "తొందరేం లేదు సార్. అయిదు లోపల చెప్పండి, జీపు కిందికి పోతుంది. తీసుకున్నాక మాత్రం వాపసు లేదు. పూట దాటిన చీటీ చెల్లదు."

నేను "ఆలోచిస్తాను" అని గంభీరంగా అనబోయే లోపలే మా ఆవిడ ముందుకు వచ్చింది. "పొద్దున ఇడ్లీ ఎన్ని పెడతారు?" అని అడిగింది. "అడిగినన్ని అమ్మా." "ఊరిబిండా, ఉత్త కారమా?" "ఊరిబిండే." (మా వైపు రోటి పచ్చడికి ఆ పేరు.) "మధ్యాహ్నం పెరుగా, మజ్జిగా?" "పెరుగమ్మా." "గడ్డ పెరుగా?" నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. మా జేజినాయన నలభై మందికి పెట్టిన కాలంలో ఒక్కడైనా పెరుగు గట్టిదా పలచనిదా అని అడిగాడా. బయటికి వచ్చాక ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసి, "చిన్నది చాలండీ" అంది. "మధ్యాహ్నం ఈడ కడుపునిండా తిందాము. పొద్దున, సాయంత్రం ఆ ముందరుండే టీ అంగట్లో ఏదన్నా తినొచ్చు. మీరు తినేదానికి పెద్దది గిట్టదు."

గిట్టదు అన్న ఆ ఒక్క మాట నన్ను ఆ మధ్యాహ్నమంతా తరిమింది. ఆమెను గదిలో ఉండమని, గాలికి తిరిగి వస్తానని చెప్పి, ముందున్న పూలమడి చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఒక చుట్టు తిరిగేసరికి పెద్ద పుస్తకం దండగ అనిపించేది. ఇంకో చుట్టుకు, విడిగా తింటే అంతకంటే ఎక్కువ అవుతుంది కదా అనిపించేది. మూడో చుట్టుకు, అసలు అన్నాన్ని ఇలా ముందుగా డబ్బు కట్టి కొనుక్కోవడం ఏమిటి, మా ఇంట్లో తెలిస్తే ఏమంటారు అనిపించేది. నాలుగో చుట్టుకు, జేబులో ఉన్నవి సరిగ్గా అరవై రూపాయలని, అందులో పదిహేను తిరుగు ప్రయాణానికని గుర్తొచ్చేది. నలభై అయిదు పోతే జేబులో బస్సు చార్జీ తప్ప టీ తాగడానికి కూడా ఏమీ మిగలదు. అప్పుడు మళ్ళీ మొదటి చుట్టు. మంచు దిగుతోంది, చొక్కా తడుస్తోంది. నీలగిరి చెట్టు మీద ఒక ముసలి కోతి కూర్చుని, నేను తిరిగిన వైపల్లా తల తిప్పుతూ చూసి చూసి, చివరికి విసుగుపుట్టి వెళ్ళిపోయింది. నేను మాత్రం తిరుగుతూనే ఉన్నాను. నాలుగున్నరకు ఒక నిశ్చయానికి వచ్చాను. ఆమె చెప్పిందే సరి, చిన్నది తీసుకుందాం. నెమ్మదిగా మేనేజరు గదిలోకి నడిచాను.

ఆయన తల ఎత్తి చూసి, నా తడిసిన చొక్కా వైపు, అరిగిన చెప్పుల వైపు చూసి, చాలా దయగా, "మీకు చిన్నది సరిపోతుందిలెండి సార్. పోయిన వారం బెంగుళూరు వాళ్ళు పెద్దది తీసుకున్నారు, వాళ్ళంటే వేరే" అన్నాడు. పాపం మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ "సరిపోతుందిలెండి" నా వెన్నులో ఎక్కడో తగిలి, ఎవరో లోపల కర్ర దూర్చినట్టు నిటారుగా అయిపోయాను. "పెద్దదే ఇవ్వండి" అన్నాను. మాట నోటి నుంచి వచ్చేదాకా నాకే తెలియదు. నలభై అయిదు రూపాయలు బల్ల మీద పెట్టి, పసుపుపచ్చ చీటీల పుస్తకం పట్టుకుని, బెంగుళూరు వాడిలాగా నడిచి గదికి వచ్చాను. మా ఆవిడ పుస్తకం చూసింది, నన్ను చూసింది. చీటీలు ఒకసారి బొటనవేలితో గలగలలాడించి, "సరే. తీసుకున్నాక ఒక్కటి కూడా పోనియ్యగూడదు" అంది. అంతే.

మొదటిది ఆ రాత్రే పోయింది. ఎనిమిది కాకముందే భోజనాల గదిలో గంట మోగింది. ఆమె లేచి కొంగు సర్దుకుంది. నేను కుర్చీలో కదలలేదు. "గంట కొట్టినారు గదండీ" అంది. "గంట బడి పిల్లోళ్ళకి కొడతారు" అన్నాను. "మరి?" "వస్తారులే, పిలుస్తారు." తాను పిలవనా అని అడిగింది. అలా కుదరదని వివరించాను. ఇంట్లో అయితే భార్య పిలవచ్చు, పరాయి చోట పెట్టేవాళ్ళు వచ్చి పిలవాలి. ఆమె మంచం మీద కూర్చుని తలుపు వైపు చూసింది. నేను కుర్చీలో కూర్చుని, చూడనట్టు తలుపు వైపే చూశాను. వరండాలో అడుగుల చప్పుడు వినపడితే కండువా సర్దుకున్నాను. ఎవరో పక్క గది వాళ్ళు, తిని, తేన్చుకుంటూ వెళుతున్నారు. తొమ్మిదికి ఆమె లేచి చూసి వచ్చింది. "తాళం వేసినారు" అంది. సంచిలో బస్సులో కొన్న నాలుగు అరటిపళ్ళు ఉన్నాయి. రెండు తీసి నా ముందు పెట్టింది. "చాలు, ఒకటి తీసెయ్" అన్నాను. ఆమె నిజంగానే ఒకటి తీసేసి తినేసింది.

శనివారం పొద్దున గంట మోగగానే, "నేను పోతా ఉండా. మిమ్మల్ని పిలిచినాక మీరు రాండి" అని ఆమె వెళ్ళిపోయింది. కాసేపు చూసి, నేను కూడా గాలి కోసం బయలుదేరినట్టు బయలుదేరి, దారిలో అనుకోకుండా భోజనాల గది తగిలినట్టు లోపలికి పోయాను. అక్కడ వడ్డించే ఆయన ఒక పెద్దాయన, ఎర్ర తువ్వాలు తలకు చుట్టుకుని, గిన్నె పట్టుకుని రైలులాగా ఒక కొస నుంచి ఇంకో కొసకు పోతూ ఉండేవాడు. (తువ్వాలాయన అని మేము పేరు పెట్టుకున్నాం.) రెండు ఇడ్లీలు వేసి, "ఇంకో రెండు ఎయ్యనా సామీ?" అన్నాడు. "చాలు" అన్నాను, చెయ్యి అడ్డం పెట్టి. రైలు కదిలిపోయింది. నేను అడ్డం పెట్టిన చేతిని అలాగే కొంతసేపు ఉంచి, ఆ తర్వాత ఏం చేయాలో తెలియక దానితోనే మీసం సర్దుకున్నాను. పక్కన మా ఆవిడ, "నాకు ఇంకో మూడు. ఊరిబిండి గట్టిగా ఉండేది ఎయ్యి పెద్దాయనా" అంటోంది. మధ్యాహ్నం పిలుపు కోసం చూసి చూసి ఆలస్యంగా పోతే, ఒక గరిటెడు అన్నం, నా "చాలు", మళ్ళీ రైలు వెళ్ళిపోవడం. సాయంత్రం బజ్జీల గంట మోగేటప్పుడు నేను కావాలని కొండ అంచున నిలబడి దృశ్యం చూస్తున్నాను, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని. ఎవరూ రాలేదు. రాత్రి రెండు చపాతీలు.

ఆ శనివారం నేను నడిచినంత నా జీవితంలో నడవలేదు. కుదురుగా కూర్చుంటే ఆకలి తెలుస్తుంది, అందుకని తిరుగుతూ ఉండేవాణ్ణి. కొండ చివరి దాకా పోయేవాణ్ణి, అక్కడ టీ అంగట్లో వేరుసెనగలు వేయించే వాసన వస్తే వెనక్కు తిరిగేవాణ్ణి. ఇటువైపు వస్తే వంటగది పొగ. రెండు వాసనల మధ్య ఆ దారి నా కాళ్ళకు కంఠతా వచ్చింది. జేబులో బస్సు చార్జీని ఐదు నిమిషాలకొకసారి తడుముకునేవాణ్ణి, అది ఏమైనా పిల్లలు పెట్టిందేమోనని. నా వంతు చీటీలు ఒక్కొక్కటే వృథా అయిపోతున్నాయి. చినిగిన చీటీ చూస్తే రెండు ఇడ్లీలు తిని ఆరు ఇడ్లీల డబ్బు కట్టిన మొహం గుర్తొచ్చేది. ఇంకోసారి వెయ్యమని అడగడం ఎంత సేపు. ఒక్క మాట. కానీ అడిగితే, ఆమె వింటుంది. ఈయన కూడా అందరిలాంటివాడే, మండీ దగ్గర తట్ట పట్టుకుని నిలబడేవాళ్ళలో ఒకడే అనుకుంటుంది. చూపించడానికి ఉన్న ఆ ఒక్కటీ పోతుంది. అందుకని నడిచేవాణ్ణి.

రాత్రి చపాతీలు తిని వచ్చాక ఆమె, "ఒకటి అడుగుతాను, కోపం చేసుకోగూడదు. మీకు ఆకలి కాలేదా?" అంది. "మా ఇంట్లో తిండికి ఎవరూ తొందరపడరు" అన్నాను. "తొందర కాదండీ. ఆకలి." నేను కిటికీ తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో చూడడానికి లేచాను. అది రెండుసార్లు చూసిందే. ఆమె చీటీల పుస్తకం తీసి, మిగిలినవి దీపం దగ్గర పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

ఆదివారం పొద్దున అద్భుతం జరిగింది. గంట మోగిన కొంతసేపటికి వరండా ఆ చివర నుంచి, "సామీ, ఇడ్లీ దించినాము" అని కేక వినపడింది. నేను వినపడనట్టు ఉన్నాను. చారు పొంగు తగ్గేంత వ్యవధి. తర్వాత తలుపు దగ్గర తువ్వాలాయన తల కనబడింది. "రాండి సామీ, ఆకేసినాము." కండువా సర్దుకున్నాను. ఆయన వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయినవాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి లోపలికే వచ్చి, నా ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, "లేయండి సామీ. మీరు రాకుంటే ఆకులేసి ఏం లాభం" అన్నాడు. నేను లేచాను. ఆయన మాట తీసెయ్యలేక లేస్తున్నట్టే లేచాను. ఆకు దగ్గర "చాలు" అన్నాను, ఆయన ఆగాడు. "ఇంకో రెండు సామీ." "అబ్బే." "నా మాటకోసం రెండు." చెయ్యి పక్కకు జరిగింది. అలా ఎనిమిది ఇడ్లీలు తిన్నాను. మధ్యాహ్నం కూడా ఇదే మర్యాద, పప్పుకు మూడుసార్లు, వడకు మూడుసార్లు, పాయసానికి మూడుసార్లు.

ఆ సంతోషంలో మా ఆవిడతో, "ఈ పెద్దాయన ఎప్పుడో మన వైపు వచ్చి మా జేజినాయన పంచలో తిని ఉంటాడు. చెప్పకపోయినా రక్తం తెలిసిపోతుంది చూడు" అన్నాను. "అవునండీ, మీ మొహంలోనే ఉండాది" అని ఆమె అటు తిరిగి కోతుల్ని చాలాసేపు చూసింది. నాలుగు గంటలకు, బజ్జీల గంట మోగబోయే ముందు, "నాకు కడుపు నిండుగా ఉండాది, కొండ చుట్టూ పోయొద్దాము" అని తీసుకుపోయింది. కింది పల్లెకు పోయే కాలిబాటలో తువ్వాలాయన ఒక ఆకుపొట్లం పట్టుకుని చకచకా దిగిపోతూ కనబడ్డాడు. మమ్మల్ని చూసి నమస్కారం పెట్టాడు. నాకు పెట్టిన నమస్కారమేనని నేను తల పంకించాను.

రాత్రి భోజనం దగ్గర మాత్రం చిన్న ఇబ్బంది వచ్చింది. రెండు రోజుల ఆకలి ఆ మధ్యాహ్నానికే తీరిపోయింది. రెండో వడ్డనకు నేను "చాలు" అంటే నిజంగానే చాలు. జీవితంలో మొదటిసారి ఆ మాటను దాని అర్థంతో వాడాను. ఎవరూ నమ్మలేదు. "నిజంగా చాలు పెద్దాయనా" అన్నాను. "అట్లంటే ఎట్ల సామీ, ఇంకోసారి అడగాల్సి ఉండాది" అని గరిటె వంచాడు. "కడుపులో చోటు లేదప్పా." "ఇది మూడోది సామీ, దీనికి వద్దనగూడదు." అన్నం మీద అన్నం పడింది. నడుము వంచి లేవలేక, బల్ల పట్టుకుని, మా వంశంలో ఎవరూ లేవనంత నిటారుగా లేచాను.

సోమవారం కొండ దిగే బస్సు ఏడింటికే, టిఫిను గంట కంటే ముందే. తువ్వాలాయన మా పెట్టె పట్టుకుని బస్సు దాకా వచ్చాడు. పెట్టె పైకి అందించి, నా దగ్గరికి వచ్చి, "ఏమన్నా లోటు జరిగినాదా సామీ? అమ్మగారు సెప్పినట్టే పూటకి మూడు లెక్కన పిలిచినాను. వడ్డన కాడ కూడా మూడు తప్పలేదు. రాత్రి ఒకటి ఎక్కువే అయింది గానీ, పోనీలెండి" అన్నాడు. తర్వాత కిటికీలో ఉన్న మా ఆవిడ వైపు తిరిగి, "బజ్జీలు మా పిల్లోళ్ళు శానా ఇష్టంగా తిన్నారమ్మా" అన్నాడు. బస్సు కదిలింది.

మదనపల్లె వచ్చేదాకా కిటికీలో నుంచి బయటికి చూస్తూ, ఆ మూడు రోజులూ ఒక్కొక్కటిగా మళ్ళీ నడుచుకుంటూ వచ్చాను. వరండా చివర నుంచి వచ్చిన ఆ మొదటి కేక, కట్టుకున్న ఆ చేతులు, ఆ రక్తం గురించి నేను చెప్పిన మాటలు. బస్సులో కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. ఒక్కో మలుపుకు ఒకసారి అటు, ఒకసారి ఇటు జరిగాను. మదనపల్లెలో బస్సు మారి కూర్చున్నాక ఆమే మొదలుపెట్టింది. "కోపం వచ్చినాదా?" "పూట దాటితే చీటీ చెల్లదని ఆ కళ్ళజోడాయన చెప్పినాడు గదా. బజ్జీలకి మీరు ఎట్లా రారు. ఊరికే పోనిచ్చేదానికి బదులు, ఆదివారం బజ్జీల చీటీలు రెండూ ఆయప్పకి ఇచ్చి, మీకు పిలుపులు తీసుకున్నాను. పెద్ద పుస్తకం గిట్టుబాటు అయినట్టే." తర్వాత నెమ్మదిగా, "మీకు ఇష్టమని" అంది.

ఎగతాళి చేసి ఉంటే కోప్పడేవాణ్ణి. నాకు మిగిలిన ఆస్తి ఎంతదో ఆమెకు మొదటి నుంచీ తెలుసు. తెలిసి కూడా, నవ్వకుండా, దాన్ని నాకు రెండు బజ్జీల చీటీలకు కొనిపెట్టింది. పీలేరు దాటాక ఆమె ఒళ్ళో ఉన్న ఆకుపొట్లం విప్పింది. చివరి పూట చీటీలు కూడా పోనివ్వలేదు. టిఫినుకు ముందే వంటగదికి పోయి ఇడ్లీలు కట్టించుకుని వచ్చింది. "తింటారా?" అంది. రాత్రి తిన్నదంతా ఆ మలుపుల్లో ఎక్కడో అరిగిపోయింది. అయినా నోరు తన అలవాటు తాను మానలేదు. "వద్దు" అన్నాను. ఆమె పొట్లం మళ్ళీ మడిచింది. దారం కూడా చుట్టింది. రెండోసారి అడుగుతుందని చూశాను. ఆమె కిటికీలో నుంచి సెనక్కాయ చేలు చూస్తోంది. ఒక ఊరు పోయింది, ఇంకో ఊరు వచ్చింది.

"అది ఇటియ్యి" అన్నాను.

"ఏమండీ?" బస్సు చప్పుడులో సరిగ్గా వినలేదో, వినే అడిగిందో.

"ఆకలవుతా ఉండాది. ఇటియ్యి."

పుట్టి బుద్ధెరిగాక నేను నోరు తెరిచి అన్నం అడిగింది అదే మొదటిసారి. ఆమె పొట్లం విప్పి నా ఒళ్ళో పెట్టి, ఊరిబిండి ఉన్న ఆకు తన అరచేతిలో పట్టుకుంది. తిరుపతి వచ్చేదాకా ఇద్దరం తిన్నాం. ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు.

ఇది జరిగి ఎన్నో ఏళ్ళయింది. నా వెన్ను ఇంకా నిటారుగానే ఉంది (డాక్టరు అది మర్యాద కాదు, నరం పట్టేయడం అంటాడు). ఆ కొండ దిగిన నాటి నుంచి మా ఇంట్లో భోజనానికి ఒక్కటే పిలుపు. మిగతా రెండూ కొండ మీదే ఖర్చు అయిపోయాయని ఆవిడ లెక్క. నేనూ ఒప్పుకున్నాను. కానీ మనిషికి పాత బుద్ధి పూర్తిగా ఎక్కడ పోతుంది. మొన్న ఒక మధ్యాహ్నం వంటింట్లో నుంచి "తిందురు రాండి" అని వినపడింది. ఎందుకో ఆ రోజు వినపడనట్టు కూర్చోవాలనిపించింది. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, చారు పొంగు తగ్గేంత సేపు చూశాను. రెండో పిలుపు రాలేదు. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు మాత్రం వినపడింది. కండువా సర్దుకునే తీరిక కూడా లేకుండా లేచాను.